పావు అంగుళం

లాకప్‌లో మాట్లాడటానికి నాకిచ్చింది పది నిమిషాలు. అందులో నాలుగు నిమిషాలు వాడు నా మొహం చూడకుండానే గడిపేశాడు.

"మీ అక్క పంపింది," అన్నాను రెండోసారి.

"మా అక్కకి మనుషులు తెలీదు. అందుకే మిమ్మల్ని పట్టుకుంది."

తప్పు పట్టడానికి లేదు. పాతికేళ్ళు జైల్లో హెడ్ వార్డరుగా తాళాలు వేసి, కిందటేడాది చివర్లో రిటైరైన మనిషిని నేను. లోపల అందరికీ తాళాలాయన్ని. ఇప్పుడు ఒక లాయరుగారి కోసం కేసుల వెనక కూపీలు లాగుతుంటాను. ఎదురుగా నేల మీద కూర్చున్న ఈ అద్దాలపనివాడు తొమ్మిదేళ్ళు నా బ్లాకులోనే ఉన్నాడు. కిటికీ అద్దాలు కోసి బిగించే పని అక్కడి వర్క్‌షాపులోనే నేర్చుకున్నాడు. నడవడిక బాగుందని షరతుల మీద వదిలి మూడు నెలలైంది. ప్రతి సోమవారం ఉదయం స్టేషన్‌కి వచ్చి సంతకం పెట్టాలి, ఏ కేసులోనూ ఇరుక్కోకూడదు. ఇరుక్కుంటే మిగిలిన అయిదేళ్ళూ మళ్ళీ లోపలే.

ఇరుక్కున్నాడు. నిన్న బుధవారం మధ్యాహ్నం ఒక ఫోటో స్టూడియోలో కెమెరా, రెండు లెన్సులు పోయాయి. వెనక తలుపు పక్కనున్న కిటికీ అద్దం ఊడదీసి, చెయ్యి లోపలికి పెట్టి గడియ తీశారు. అద్దం గోడకి ఆనించి ఉంది. దాని మీద వీడి వేళ్ళు పదీ ముద్రపడి ఉన్నాయి. ఇవాళ సాయంత్రం నాలుగింటికి జడ్జి ముందు నిలబెడతారు. ఆ లోపల నేనేదైనా పట్టుకెళ్ళకపోతే వీడి బయటి బతుకు మూడు నెలలతో సరి.

"నిన్న ఒంటిగంట నించి రెండున్నర దాకా ఎక్కడున్నావు?"

"వీధులు తిరుగుతున్నా. ఎవరింట్లో అద్దం పగిలిందో చూసుకుంటా."

"నిన్ను ఎవరైనా చూశారా?"

"చూసి తలుపేసుకున్నారు. తలుపేసుకున్నోళ్ళు సాక్ష్యానికి వస్తారా?"

"ఎక్కడో పనిలో చేరావని మీ అక్క చెప్పింది."

"మూడు చోట్ల చేరా. సోమవారం పదకొండింటికి వస్తానండీ అంటే ఎందుకంటారు. సంతకం అని చెప్తే ఆ రోజుతో సరి. చెప్పకపోతే వచ్చే సోమవారంతో సరి." గోడకి తల ఆనించాడు. "మీకివన్నీ ఎందుకు? రాసుకుని ఏం చేస్తారు?"

నాకు ఒళ్ళు మండింది. సాయం చెయ్యడానికి వచ్చినవాడి మీద విసుర్లేమిటని. "ఆ అద్దం నువ్వు ముట్టుకున్నావా లేదా? ఒక్క మాట చెప్పు."

అప్పుడు తలెత్తాడు. "కొలతెంత?"

"దేని కొలత?"

"దొరికిన అద్దానిది. కాయితంలో రాసుంటారుగా."

లాయరుగారిచ్చిన పంచనామా నకలు జేబులోంచి తీశాను. ఇన్‌స్పెక్టర్ శ్రద్ధగలవాడు, అన్నీ రాయించాడు. "పదహారున్నర అంగుళాలు బై ఇరవై రెండు."

వాడు కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"బయటికొచ్చాక నేను కోసినవి మొత్తం పదకొండు అద్దాలు సార్. ఏది ఎక్కడ పెట్టానో కొలతతో సహా చెప్తా. ముందు మీరు పోయి ఆ స్టూడియో కిటికీ చట్రం కొలిచి రండి."

"ఇప్పుడే చెప్పడానికేం?"

"చెప్తే నమ్మరు. మీ గేటు దగ్గర చెప్పినోళ్ళలో ఎవర్ని నమ్మారు గనక? కొలిచి రండి, అప్పుడు చెప్తా."

కానిస్టేబుల్ లాఠీతో ఊచల మీద కొట్టాడు. టైమైపోయింది.

బయటి వరండాలో, ఇన్‌స్పెక్టర్ గది కిటికీ కింద ఒక బెంచీ ఉంది. నోట్సు రాసుకుందామని దాని మీద కూర్చుని వెనక్కి వాలాను. భుజానికేదో జిడ్డుగా తగిలింది. చొక్కా మీద పసుపుపచ్చ మరక, అవిసె నూనె వాసన.

"లప్పం సార్. అద్దం చుట్టూ పెట్టింది. ఇంకా ఆరలేదు," అన్నాడు కానిస్టేబుల్.

"ఎవరు పెట్టారు?"

వాడు సమాధానం చెప్పేలోపే జీపు వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టర్ దిగాడు. ఈయన్ని పేపర్లవాళ్ళు గంట ఇన్‌స్పెక్టర్ అంటారు. ఫిర్యాదు అందిన గంటలోపు దొంగని పట్టుకుంటాడని పేరు. ఆయన గది గోడ మీద ప్రశంసాపత్రాలకి మేకులు చాలట్లేదు.

"తాళాలాయనగారూ, ఇన్నాళ్ళూ వేసిన తాళాలు తియ్యడానికి బయల్దేరారా?"

"తప్పుగా వేసినవి ఉంటే."

"పదివేళ్ళూ దొరికాయండీ. ఇంకేం కావాలి మీకు, కాలివేళ్ళు కూడానా?" అని నవ్వుకుంటూ లోపలికి పోయాడు. వెటకారానికి కూడా ఆయన టైము వృథా చెయ్యడు.

*

పదకొండూ నలభైకి స్టూడియోలో ఉన్నాను. యజమానురాలికి నలభై అయిదేళ్ళుంటాయి. నేనెవరో చెప్పగానే చేతిలోని స్టాండు గట్టిగా కింద పెట్టింది.

"దొంగ తరఫున వచ్చారా, కెమెరా తరఫున వచ్చారా?"

"కెమెరా ఎవరు తీశారో తెలుసుకోవడానికి వచ్చాను."

"ఎవరు తీశారో నిన్ననే తెలిసింది. పేపర్లో కూడా పడింది. అలాంటివాళ్ళని వదలడం దేనికి, మళ్ళీ పట్టుకోవడం దేనికి?"

"అమ్మా, టైములు చెప్పండి చాలు. తర్వాత తిట్టండి."

టైములు మాత్రం గడియారం చూసినట్టు చెప్పింది. ఒంటిగంటకి షట్టరు దించి ఇంటికి భోజనానికి వెళ్ళింది. రెండున్నరకి తిరిగొచ్చింది. రెండూ ముప్పై అయిదుకి స్టేషన్‌కి ఫోన్ చేసింది. రెండూ యాభైకి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మూడున్నరకి దొంగ దొరికాడని కబురొచ్చింది.

"అద్దం గోడకి ఆనించి ఉందన్నారు. అది మీరు చూసిందా, పోలీసులు చెప్పిందా?"

"నేనే చూశా. వాళ్ళు రాకముందే. ముట్టుకోలేదు."

"ఇన్‌స్పెక్టర్ వచ్చాక ముందు ఏం చేశాడు?"

"ఫైల్లోంచి ఆ అద్దాలవాడి ఫోటో తీసి, ఇతన్ని ఈ చుట్టుపక్కల చూశారా అనడిగాడు."

"అద్దం మీద ముద్రలు తీసుకున్నాక అడిగాడా?"

ఆమె కౌంటర్ దాకా నడిచి అక్కడ నిలబడింది. "కాదు. ఇక్కడ, ఈ కౌంటర్ దగ్గర నిలబడి అడిగాడు. అప్పటికింకా వెనక గదిలోకే రాలేదు."

వెనక గది చిన్నది. తలుపు పక్కన కిటికీ చట్రం బోసిగా ఉంది. ఈ కిటికీకి అసలు లప్పమే లేదు. అద్దాన్ని నాలుగు సన్నటి చెక్క బద్దలు పట్టి ఉంచేవి. ఎవరో ఆ బద్దలని ఊడదీసి వరసగా కింద పేర్చారు. నేను స్టీలు టేపు తీసి చట్రం కొలిచాను. వెడల్పు పదహారుంపావు. ఎత్తు ఇరవై ఒకటీ ముప్పావు. నమ్మకం కుదరక మళ్ళీ కొలిచాను. మూడోసారి టేపు ఆమె చేతికిచ్చి కొలవమన్నాను.

"పదహారుంపావు," అంది ఆమె. "అయితే ఏంటి?"

"ఏ కిటికీకైనా అద్దాన్ని చట్రం కన్నా కాస్త తక్కువే కోస్తారమ్మా. లేకపోతే లోపల కూర్చోదు. ఇక్కడ దొరికిన అద్దం చట్రం కన్నా పావు అంగుళం పెద్దది. అటూ పెద్దదే, ఇటూ పెద్దదే. అది ఈ కిటికీలోంచి ఊడదీసింది కాదు. దీంట్లో ఎప్పుడూ లేదు."

"అంటే బయట్నించి తెచ్చి పెట్టారా?"

"తెచ్చి పెట్టారు. చూపుకి ఒకేలా ఉంది కదా అనుకున్నారు. కొలవలేదు."

నేను నా తెలివికి మురిసిపోతుంటే ఆమె నేనడగాల్సిన ప్రశ్న అడిగింది. "మరి నా అద్దమేది?"

గది వెతికాం. వెనక సందు వెతికాం. ఒక్క పెంకు లేదు.

"చూస్తే గుర్తుపడతారా?"

"నిద్రలో లేపినా గుర్తుపడతా. ఇది మా నాన్న ఫోటోలు కడుక్కునే చీకటి గది. వెలుతురు రాకుండా ఆ అద్దమంతా నల్లరంగు పూశాడు. ఆయన పోయాక నేనే గీకేశా. కింద ఎడమ మూల మాత్రం గుండీ అంత మచ్చ ఉంచేశా. గీకబుద్ధి కాలేదు." ఖాళీ చట్రం మీద వేలితో తట్టింది. "చూడండి, నా కెమెరా తీసినవాడు లోపలికి పోవాల్సిందే. కానీ తీసినవాడే పోవాలి."

నా చొక్కా భుజం మీది లప్పం మరక చేతికి తగిలింది. "మూడింటికి స్టేషన్‌కి రాగలరా? ఫిర్యాదులో ఒక సంతకం మర్చిపోయానని వంక చెప్పండి."

ఆమె షట్టరు తాళం తీసుకుంది.

*

లాయరుగారికి కొలతలు అప్పజెప్పి, రెండోసారి కలవడానికి అనుమతి తెచ్చుకుని, రెండూ యాభైకి మళ్ళీ లాకప్ ముందు నిలబడ్డాను. ఈసారి ఇచ్చింది రెండు నిమిషాలే.

"పావు అంగుళం పెద్దది," అన్నాను.

అద్దాలపనివాడు లేచి ఊచల దగ్గరకొచ్చాడు. గొంతు తగ్గించాడు. "ఈ స్టేషన్‌దే సార్ అది. సోమవారం సంతకానికి వస్తే, ఇన్‌స్పెక్టర్ గది కిటికీ పగిలింది, బిగించి పో అన్నారు. అద్దం పలక వాళ్ళే తెప్పించారు. నేను కోసి బిగించా. పదహారున్నర, ఇరవై రెండు. లప్పం తడిగా ఉంది, మూడు వారాలు ముట్టుకోవద్దని కూడా చెప్పా."

"ముందే చెప్పి చస్తే ఏం పోయింది?"

"ఈ గోడల మధ్యా? పని చెయ్యనంటే ఆ వారం సంతకం పడదు. సంతకం పడకపోతే లోపలికే. ఇది నా ఒక్కడి సంగతి కాదు సార్. మీకు చాలామంది చెప్పారంట. మీరు నవ్వారంట."

నిజమే. నవ్వాను.

కిందటేడాది ఈ స్టేషన్ పరిధి నించి మా గేటులోకి తిరిగొచ్చినవాళ్ళు ఆరుగురు. అందరూ వదిలిన నాలుగు నెలల్లోపే వచ్చారు. ఒకడు స్టేషన్ బీరువా తాళానికి నూనె వేశానన్నాడు. వాడి వేలిముద్రలు ఒక గోడౌన్ దగ్గర పడున్న తాళం మీద దొరికాయి. ఇంకొకడు సంతకానికి వెళ్తే నిచ్చెన మరమ్మతు చేయించారన్నాడు. వాణ్ణి పట్టించింది ఒక నిచ్చెనే. నేను రిజిస్టరు తెరిచి, "మళ్ళీ వచ్చావా? ఇంటి మీద బెంగ పెట్టుకున్నావా?" అని జోకు వేసి గడియ వేశాను. పక్కనున్న వార్డర్లు కూడా నవ్వారు.

"నాలుగింటికి కోర్టులో ఉంటాను," అన్నాను.

అతను తలూపలేదు. నమ్మడానికి నేనేం చేశాను గనక.

స్టూడియో యజమానురాలు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. కిటికీ ఆమె తల వెనకే ఉంది. వంగి, చొక్కా గుండీ పెట్టుకుంటున్నట్టు నటిస్తూ చెప్పాను. "నేను లోపలికెళ్ళాక లేచి ఆ అద్దం చూడండి. మీదైతే తలూపండి. ఏం జరిగినా నాకోసం ఆగొద్దు. కోర్టు ఇక్కడికి పది నిమిషాల నడక. మెట్ల మీద లాయరుగారు, ఈ అబ్బాయి అక్క, కుట్టుపని చేసే ఆవిడ, ఉంటారు."

*

మూడూ పదికి ఇన్‌స్పెక్టర్ తన గదిలోకి రానిచ్చాడు. పైన ఫ్యాను గట్టిగా తిరుగుతోంది. బల్ల మీద కాగితాలు రెపరెపలాడుతున్నాయి.

"రండి. ముందా రాయి ఇటివ్వండి, కాయితాలు ఎగిరిపోతున్నాయి."

నా పక్కన షెల్ఫు మీద నున్నటి నల్లరాయి ఉంది, పిడికిలి కన్నా పెద్దది. తీసి బల్ల మీద పెట్టాను. కాగితాలు అణిగాయి.

"చెప్పండి. పదకొండు నించి ఊరంతా తిరిగారట."

"మీ కిటికీ బాగుంది. ఎవరు బిగించారు?"

"కాంట్రాక్టరు."

"ఏ రోజు?"

"నేను దొంగల్ని లెక్కపెడతానండీ, అద్దాల్ని కాదు."

"బిగించింది అద్దాలపనివాడు, సోమవారం. కానీ ఇప్పుడున్న ఈ లప్పం అతని చేతిది కాదు. పనివాడు కత్తితో ఒక్క లాగు లాగుతాడు. ఇది బొటనవేలితో కుక్కింది. అద్దం చిన్నదై సందు మిగిలితే అలాగే కుక్కుతారు. మీ అద్దం అతని వేలిముద్రలతో స్టూడియోకి వెళ్ళింది. స్టూడియో అద్దం ఇక్కడికొచ్చింది. కొత్త పలక కొనాలని ఎవరికీ తోచలేదు. ఈ స్టేషన్‌లో వస్తువులు కొనడం, పనివాళ్ళకి కూలివ్వడం అలవాటు లేదు కదా."

ఇన్‌స్పెక్టర్‌కి కోపం రాలేదు. కుర్చీలో వెనక్కి వాలి నన్ను తీరిగ్గా చూశాడు.

"పాతికేళ్ళు ఆ గేటు దగ్గర నించున్నారు. బయటికి పోయిన పదిమందిలో ఎంతమంది తిరిగొచ్చేవారు?"

"ఆరుగురు. ఒక్కోసారి ఏడుగురు."

"ఎందుకు?"

జవాబు కూడా ఆయనే చెప్పాడు.

"వాళ్ళకి బుద్ధి మారదని మీరే అనేవారట. మరి ఎలాగూ చేసేవాణ్ణి కాస్త ముందు లోపలికి పంపితే తప్పేంటి? జనం హాయిగా పడుకుంటారు. మీ గేటుకీ నా గోడకీ తేడా ఏముంది?"

"ఏమీ లేదు," అన్నాను. ఆ మాట అనడానికి నాకు కష్టమైంది. "సంతకం ఉందని పనిలోంచి తీసేస్తారు. సంతకానికి వస్తే మీరు పని చేయించుకుంటారు. ఆ పనినే అతని మెడకి చుడతారు. తిరిగొచ్చాక నేను జోకు వేస్తాను. బుద్ధి మార్చుకోవడానికి మనం సందెక్కడ ఇచ్చాం?"

"ఉపన్యాసం బాగుంది. సాక్ష్యం?"

"మీ వెనక నించుని ఉంది."

ఆయన తల తిప్పాడు. అద్దానికి అవతల స్టూడియో యజమానురాలు నిలబడి ఉంది. వంగి, కింద మూలన గుండీ అంత నల్లమచ్చ మీద వేలు పెట్టింది. నా వంక చూసి నెమ్మదిగా తలూపింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. కెమెరా పోయినందుకు మాత్రం కాదు.

ఇన్‌స్పెక్టర్ లేచాడు. తొందరేమీ పడలేదు. జేబురుమాలు తీసి చేతికి చుట్టుకుని, బల్ల మీద రాయి అందుకుని అద్దం మీద కొట్టాడు. పెంకులన్నీ వరండాలోకి రాలాయి. ఆమె వెనక్కి గెంతింది.

"ఏం చూశారు మీరు?" అన్నాడు నా వైపు తిరిగి. "పగిలిన కిటికీ. అంతే."

"అద్దం పగిలింది. లప్పం పగల్లేదు," అన్నాను. "అది ఇంకా మెత్తగా ఉంది. కుక్కినవాడి బొటనవేలు గీతలతో సహా అందులో పడి ఉంటుంది. ఇన్నాళ్ళూ మీరు ఇతరుల ముద్రలు పోగేశారు. ఈసారి మీవి వదిలేశారు."

ఆయన కుడిచేతి బొటనవేలు పిడికిట్లోకి ముడుచుకుపోయింది. ఆ సంగతి ఆయనకి తెలియదనుకుంటాను. నాకు కావలసింది అదే.

బయట ఆమె నాకన్నా చురుకైనది. నల్లమచ్చ ఉన్న మూల ముక్క, మందంగా కుక్కిన లప్పంలో ఇరుక్కుని విరగకుండా నిలిచింది. దాన్ని చుట్టూ ఉన్న లప్పం ముద్దతో సహా పెకలించి, చీర చెంగులో చుట్టుకుని మెట్లు దిగిపోయింది. చెంగు మీద రక్తం కనబడింది. గడియారంలో మూడూ ఇరవై రెండు.

"ఆవిణ్ణి ఆపు," అని ఇన్‌స్పెక్టర్ కేక వేశాడు. వరండాలోంచి బూట్ల చప్పుడు గేటు వైపు పరుగెత్తింది. పొద్దున లప్పం సంగతి నాకు చెప్పిన కానిస్టేబులే అయుండాలి. ఆపడానికి పరుగెత్తాడో, ఆపలేకపోయానని చెప్పడానికి పరుగెత్తాడో నాకు తెలియదు.

నేను తలుపు వైపు కదిలాను. ఇన్‌స్పెక్టర్ నాకన్నా ముందు అక్కడున్నాడు.

"కూర్చోండి. స్టేషన్ ఆస్తి ధ్వంసం, అధికారి మీద దాడి. రాయి మీద ఎవరి వేలిముద్రలున్నాయో చూసుకోండి."

బల్ల మీద నల్లరాయి ఉంది. దాని పక్కనే జేబురుమాలు. ఆ రాయిని పది నిమిషాల క్రితం నా చేతులతో, మర్యాదగా, నేనే అందించాను. ఆరుగురి కథ తెలిసి కూడా అందించాను. పని చెప్పగానే చేసేశాను.

ఆయన తలుపు మూసి గడియ పెట్టాడు. పాతికేళ్ళు నేను గడియలు వేశాను. నన్ను లోపల ఉంచి ఇంకొకడు వేస్తే ఆ చప్పుడు ఎలా ఉంటుందో వినడం అదే మొదటిసారి.

"కంగారు పడకండి తాళాలాయనగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్, కొత్త ఫైలు తెరుస్తూ. "గంట కూడా పట్టదు."